ఉప్పుపెట్టెలో ఉంగరం

పంతొమ్మిది వందల ముప్ఫై అయిదు, డిసెంబరు ఇరవై ఒకటి, శనివారం. ఫాసిస్టు ప్రభుత్వం వారి కొత్త సంవత్సరాల లెక్కలో పద్నాలుగో ఏడు. ఇటలీలోని పో నది మీది పొగమంచు మధ్యాహ్నానికే కరకట్ట దిగి కావజెల్లా ఊళ్లోకి వచ్చేసింది. ఫెర్లిన్ వారి వంటింట్లో అప్పటికి ఉన్నవారు నలుగురు. అరవైకి దగ్గరపడిన ఆర్జీయా. ఆమె కొడుకు, పంపుల స్టేషనులో మెకానిక్కుగా ఉన్న ఒలింతో. కోడలు, బడిలో పంతులమ్మ దెల్ఫీనా. వీధి తలుపు ఉండగా దొడ్డిదారిన వచ్చిన కంసాలి తార్చీసియో. అయిదో మనిషి నాలుగింటికి వస్తానని కబురు పంపాడు. అతని రాకకు నలుగురూ భయపడుతున్నారు.

నలుగురూ కాదు. ఆర్జీయా రొట్టెపిండి కలుపుతోంది.

“నా నోరు పడిపోను,” అన్నాడు తార్చీసియో. టోపీని ఒళ్లో పెట్టుకుని దాని అంచును జపమాల తిప్పినట్టు తిప్పుతున్నాడు. “బుధవారం పొద్దున్నే పడిపోయి ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదక్కా.”

“పడిపోలేదు కదా. మిగిలింది కూడా కక్కేసి పో.”

ఒలింతో కిటికీ దగ్గర నుంచి కదలలేదు. “గొంతు తగ్గించు మావయ్యా. పక్కింటి గోడ పలచన.”

“పక్కింటివాళ్లు బుధవారం ముందు వరసలో నిలబడి చూశారురా. వాళ్లు కొత్తగా వినేదేముంది?” అంది తల్లి.

బుధవారం సంగతి నిజంగానే ఊరంతా చూసింది. అబిసీనియా మీదికి దండెత్తినందుకు దేశాలన్నీ కలిసి ఇటలీని వెలివేశాయి. బంగారం కావలసివచ్చింది. పెళ్లయిన ప్రతి స్త్రీ తన పెళ్లి ఉంగరాన్ని దేశానికి సమర్పించి, పాదిరి మంత్రించిన ఇనుప ఉంగరాన్ని మారుగా తొడుక్కోవాలని రోము నుంచి పిలుపు వచ్చింది. పేరుకు పిలుపే. రానివారి పేర్లు ఎవరి జేబులోకి చేరతాయో తెలియని ఇల్లు లేదు. దెల్ఫీనా తన ఉంగరం ఇచ్చింది. తరువాత అత్తగారి చెయ్యి పట్టుకుని తానే యుద్ధస్మారకం దాకా నడిపించింది.

మిగతా ఊళ్లలో ఉంగరాలను ఊరికే కుండలో పడేయించుకున్నారట. కావజెల్లాకు మాత్రం జిల్లా పార్టీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బల్ల వేయించి, గీటురాయితో తార్చీసియోను కూర్చోబెట్టాడు. ఆర్జీయా ఉంగరం రాతి మీద గీసి, ఆమ్లపు చుక్క వేయగానే గీత నురగ కట్టి మాయమైంది. కొట్లో బేరగాళ్లకు చెప్పే గొంతుతోనే, ఆలోచన అనేది అడ్డం పడకుండా, “ఇత్తడి!” అన్నాడు తార్చీసియో. బ్యాండుమేళం అప్పుడే ఆగింది. ఆ మాట చర్చి మెట్ల దాకా వినిపించింది.

దేశాన్ని మోసం చేసిన ముసలిదని ఎవరో అరిచారు. ఇనుప ఉంగరం ఇవ్వకుండానే ఆమెను వెనక్కి పంపారు. ఒలింతోకు ప్రవాసశిక్ష వేసి సముద్రంలోని దీవులకు పంపిస్తారని మూడు రోజులుగా ఊళ్లో గుసగుస. ఆ దీవులకు పోయినవాళ్లు ఎప్పుడు తిరిగి వస్తారో పంపినవాళ్లకే తెలియదు.

“జనం వెళ్లిపోయాక పార్టీ ఆఫీసులో ఉంగరాలు తూచాం,” అన్నాడు తార్చీసియో. “ఒక్కొక్కదాని లోపల చెక్కింది నేను చదవడం, గుమాస్తా రాసుకోవడం. ఇన్‌స్పెక్టరు పక్కనే కూర్చుని సిగరెట్టు కాలుస్తున్నాడు. మన పార్టీ సెక్రటరీ గ్వెర్రీనో భార్య ఇచ్చినది చేతికొచ్చింది. పొట్లం మీద పేరుంది, లియా బరిల్లీ అని. చదివాను. గట్టిగా చదివాను. ‘ఆ, ఏ. ఇరవై అయిదు ఏప్రిల్, తొంభై ఏడు.’”

పిండిలో ఆర్జీయా పిడికిళ్లు ఆగిపోయాయి.

ఏప్రిల్ ఇరవై అయిదు సెయింట్ మార్కు పండుగ. ఆ రోజున చర్చిలో నిలబడి ఏజిదియో ఫెర్లిన్ తనకు ఉంగరం తొడిగాడనీ, వేళ్లు వణికి అది రాతినేల మీద పడి దొర్లిపోయిందనీ, పాదిరి మోకాళ్ల మీద పాకి పట్టుకున్నాడనీ ఆమె ప్రతి ఏటా ఆ రోజు చెప్పేది. దెల్ఫీనా కాపురానికి వచ్చిన ఎనిమిదేళ్లలో ఎనిమిదిసార్లు వింది.

“ఆ అక్షరాలు చెక్కింది మా నాన్న. ఆయన చెయ్యి నాకు తెలియదా?” తార్చీసియో గొంతు ఇంకా తగ్గింది. “ఇన్‌స్పెక్టరు పగలబడి నవ్వాడు. ‘ఏమయ్యా బరిల్లీ, నీ పెళ్లినాటికి మీ ఆవిడ పుట్టలేదన్నమాట. ఆ మాటకొస్తే నువ్వూ పుట్టినట్టు లేవే!’ అన్నాడు. గ్వెర్రీనో మొహం చూడాలి. సున్నం కొట్టిన గోడ. రెండు క్షణాలే. తర్వాత ‘అది మాది కాదండీ, ఆర్జీయా ఫెర్లిన్‌ది. దాచమని మా ఇంట్లో ఇచ్చింది. మా ఆవిడ తికమకపడి తనదనుకుని ఇచ్చేసింది’ అన్నాడు. ‘అయితే ఆ ముసలావిడ చేత రాయించి పట్టుకురా’ అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు వస్తున్నది దానికే. మీకేమీ చెప్పొద్దని నాకు వార్నింగు ఇచ్చాడు.”

“మరి చెప్పావేం?” అంది ఆర్జీయా.

“బుధవారం చెప్పకూడనిది చెప్పాను కదక్కా. చెప్పాల్సింది కూడా చెప్పేస్తే సరిపోతుందేమోనని.”

అతను లేచాడు. దొడ్డితలుపు తీసి ముందు తల మాత్రం బయటపెట్టి అటూ ఇటూ చూసి, పొగమంచులోకి జారిపోయాడు.

వంటింట్లో పొయ్యి చిటపటలాడింది. మొదట మాట్లాడినది ఒలింతో.

“అయితే గండం గడిచినట్టే కదా! అమ్మ ఇచ్చింది ఇత్తడి కాదు, బంగారమేనని వాడే రాసి తెస్తున్నాడు. సంతకం పెడితే గొడవ వదిలిపోతుంది.”

దెల్ఫీనా భర్తవైపు చూసింది. ఆ ఉంగరం ఎవరింట్లో తేలిందో విన్నప్పుడు అత్తగారి చేతులు ఆగాయి. ఒలింతో ముఖంలో మాత్రం ఆశ్చర్యం లేదు. పాతబాకీ కాగితం మళ్లీ చూసినవాడి అలసట ఉంది.

“ఏమండీ,” అంది మెల్లగా. “అది దొంగిలించిన ఉంగరం.”

“దొంగిలించిందో, దొరికిందో, ఇప్పుడెవరు తేలుస్తారు?”

“లారీ వచ్చిన రాత్రి పోయిన ఉంగరం. మీరే చెప్పారు నాకు.”

ఆ రాత్రి గురించి ఈ ఇంట్లో ఎవరూ పూర్తిగా చెప్పలేదు. దెల్ఫీనా ముక్కలు ముక్కలుగా ఏరుకుని అతుక్కున్నది. పంతొమ్మిది వందల ఇరవై ఒకటి మార్చి. ఏజిదియో కూలీల సంఘానికి పెద్ద. భూస్వాముల లారీలో నల్లచొక్కాల ఫాసిస్టులు ముఖాలకు గుడ్డలు కట్టుకుని వచ్చారు. ఆయన్ని కరకట్ట మీదికి ఈడ్చుకుపోయి, ఆముదం బలవంతంగా తాగించి, కర్రలతో కొట్టారు. వేసవి రాకముందే ఆయన పోయాడు. ఆ సమయానికి ఆర్జీయా మర్నాటి రొట్టెకు పిండి కలుపుతోంది. పిండి కలిపే ముందు ఉంగరం తీసి ఉప్పుపెట్టెలో వేయడం ఆ నదీతీరపు ఆడవాళ్ల అలవాటు. ఉప్పులో ఉన్నదానికి దిష్టి తగలదని వాళ్ల నమ్మకం. ఆమెను గోడకు తిప్పి నిలబెట్టి ఇల్లంతా గాలించారు. వాళ్లు పోయాక చూస్తే ఉప్పులో ఉంగరం లేదు. తరువాత సంతలో ఇత్తడి ఉంగరం కొనుక్కుని, బూడిదతో తోమి, విధవరాలి వేలు బోసిగా ఉండకూడదని అదే పెట్టుకుంది.

ఆ లారీలో గ్వెర్రీనో బరిల్లీ ఉన్నాడని కొందరు అనేవారు. ఆ వారమంతా తాను రోవీగోలో మేనమామ ఇంట్లో ఉన్నానని అతను చర్చిలో ప్రమాణం చేశాడు. ప్రమాణం చేసినవాడు తరువాత ఊరి పార్టీ సెక్రటరీ అయ్యాడు. అనేవారు అనడం మానేశారు.

“సంతకం పెడితే ఏమవుతుందో తెలుసా మీకు?” అంది దెల్ఫీనా. “దోపిడి కాస్తా దానమైపోతుంది. అది కూడా అత్తయ్య చేత్తోనే.”

“నువ్వు బడిలో పిల్లల చేత ఏం పాడిస్తున్నావో నాకు తెలీదా? నువ్వు పార్టీకి పెట్టని సంతకమా? నీ వేలికున్నదేమిటి?”

ఆమె తన వేలివైపు చూసుకుంది. ఇనుప ఉంగరం మూడు రోజులకే చర్మం మీద నల్లటి చార గీసింది.

“దాన్నెందుకురా అంటావు?” అంది ఆర్జీయా. “నేనూ వెళ్లాను కదా. ఇత్తడి పట్టుకుని వెళ్లాను. కుండలో పడేసుకుని దండం పెడతారనుకున్నాను. నా బంగారం తిన్నవాళ్లకు నా ఇత్తడి చాలనుకున్నాను. మధ్యలో ఈ గీటురాయి వెధవ ఉంటాడని కలగన్నానా?”

“అమ్మా, నవ్వులాట కాదు. జనవరిలో నా ఉద్యోగం ఖాయం చేయాలి. కాగితం ఎవరి బల్ల మీద ఉందో తెలుసా? గ్వెర్రీనో బల్ల మీద. ఆ పంపుల్లో నన్ను పెట్టించిందే వాడు.”

“తెలుసు. ఎందుకు పెట్టించాడా అని నేనూ చాలాసార్లు అనుకున్నాను.”

ఒలింతో కిటికీ అద్దం మీది తేమను చేత్తో తుడిచి, బయట కనపడని దాన్ని చూడసాగాడు.

ఆ మౌనం దెల్ఫీనాకు నచ్చలేదు. అందులో ఒక మనిషి నక్కి ఉన్నట్టనిపించింది.

మోటారుసైకిలు చప్పుడు వీధి మొదట్లో వినిపించింది. ఆర్జీయా పిండిని ముద్దచేసి గుడ్డ కప్పింది. చేతులు కడుక్కోలేదు.

గ్వెర్రీనో బరిల్లీ తలుపు తట్టి, రమ్మనేదాకా ఆగి, లోపలికి వచ్చాడు. ముప్ఫై ఏడేళ్ల భారీ మనిషి. శనివారం కాబట్టి కుర్రాళ్ల చేత కవాతు చేయించి నేరుగా వస్తున్నాడు; బూట్లకు బురద. నల్లచొక్కా మీద మంచు తడి మెరుస్తోంది.

“పెద్దమ్మా! ఎంతకాలమైంది ఈ గడప తొక్కి!”

“కూర్చో గ్వెర్రీనో. నీకు తెలియని ఇల్లా?”

“చిన్నప్పుడు ఈ బల్ల దగ్గర ఎంత మొక్కజొన్న సంకటి తిన్నానో! మా అమ్మ కంటే నువ్వే మెత్తగా కలిపేదానివి.”

“తిన్నావు. ఏజిదియో నీకు చదవడం కూడా ఇక్కడే నేర్పాడు. ఆ తర్వాత మళ్లీ వచ్చినట్టు లేవు.”

“పనులు పెద్దమ్మా, పనులు.” అతను దెల్ఫీనా వైపు తిరిగాడు. “ఏమ్మా పంతులమ్మా, మీ పిల్లలు బుధవారం బాగా పాడారు. ఇన్‌స్పెక్టరుగారు మెచ్చుకున్నారు.”

“సంతోషం సెక్రటరీగారూ.”

ఆమె బార్లీ కాఫీ తెచ్చి పెట్టింది. అతను జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

“గుమాస్తా చేత కూడా రాయించలేదు. నేనే రాశాను. చదువుతాను విను. ‘ఆర్జీయా ఫెర్లిన్ అను నేను, నా బంగారు పెళ్లి ఉంగరమును, లోపల ఆ, ఏ అను అక్షరములును ఇరవై అయిదు ఏప్రిల్ తొంభై ఏడు అను తేదీయును చెక్కబడినదానిని, భద్రత నిమిత్తము గ్వెర్రీనో బరిల్లీ గారి ఇంట ఉంచితిని. దానిని స్వచ్ఛందముగా దేశమునకు సమర్పించుచున్నాను. బుధవారము ఇచ్చిన ఇత్తడి ఉంగరము పొరపాటున వచ్చినది.’ అంతే. ఇత్తడి మాట చెరిగిపోతుంది. ఒలింతో ఉద్యోగం ఖాయం. మనందరం క్రిస్మసుకు హాయిగా మలుగు చేప తినొచ్చు.”

“లేకపోతే?” అంది ఆర్జీయా.

“లేకపోతే అనే మాట మన మధ్య ఎందుకు పెద్దమ్మా?” అతను నవ్వాడు. “దీవుల్లో పొగమంచు ఉండదంటారు. ఒలింతో ఛాతీకి మంచిదేమో గానీ, నీకు దూరమవుతాడు కదా.”

ఒలింతో గోడకు ఆనుకున్నాడు. దెల్ఫీనాకు ఈ క్షణాన అత్తగారు ఆ కాగితాన్ని పొయ్యిలో పడేస్తే ఎంత గర్వపడాలని ఉందో, పడేయకూడదని అంతకంటే ఎక్కువగా ప్రార్థిస్తోంది. తనలో ఈ రెండూ పక్కపక్కనే కూర్చోగలవని ఆమెకు ఇదివరకు తెలియదు.

“ఉంగరం తెచ్చావా?”

“తెచ్చాను. చూసి గుర్తుపట్టానని చెప్పాలి కదా నువ్వు.” గడియారపు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

ఆర్జీయా దాన్ని వెంటనే తీసుకోలేదు. పిండి అంటిన వేలితో ఒకసారి దొర్లించింది. అది చిన్న చుట్టు తిరిగి, పడిపోయింది. అప్పుడు తీసుకుని వేలికి తొడగబోయింది. కణుపు దగ్గర ఆగింది. పద్నాలుగేళ్ల చన్నీళ్లూ, చాకిరేవులూ కణుపులు వాచేలా చేశాయి. ఆమె బలవంతం చేయలేదు. తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

“నాదే,” అంది. “అయితే నాకు జ్ఞాపకశక్తి తప్పుతోంది నాయనా. నీకు నేను ఇచ్చిన రోజున ఇది ఎక్కడి నుంచి తీసి ఇచ్చానూ?”

బదులు చెప్పినవి అతని కళ్లు. చూపు పొయ్యి పక్క గోడకు మేకు కొట్టి తగిలించిన చెక్కపెట్టె మీదికి, దాని తోలు కీళ్ల మూత మీదికి వెళ్లి, కాలిన వేలిలా చటుక్కున వెనక్కి వచ్చింది. ఆ ఇంట్లో అటకా, పెట్టెలూ, అలమారా అన్నీ ఉండగా ఎవరూ ఉప్పుపెట్టె వైపు చూడరు.

దెల్ఫీనా చూసింది. ఆర్జీయా చూసింది. ఒలింతో మాత్రం చూడలేదు. అతనికి చూడవలసిన అవసరం లేదన్నట్టు కళ్లు దించుకుని ఉన్నాడు.

“గుర్తులేదు,” అన్నాడు గ్వెర్రీనో.

“పోనీలే. ఎక్కడిదైతేనేం?” ఆర్జీయా కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. “కాగితం బాగుంది. తేదీ లేదు.”

“ఇవాళ్టి తేదీ వేశాను కదా, కింద.”

“ఇవాళ్టిది కాదు. నేను నీకిచ్చినప్పటిది. తేదీలేని కాగితం చిల్లికుండ అనేవాడు ఏజిదియో. నువ్వూ వినే ఉంటావు.”

“అదెందుకు ఇప్పుడు?”

“నాకెందుకు? నీకే. ఇన్‌స్పెక్టరు తెలివైనవాడట కదా. ఎప్పుడు ఇచ్చిందని అడుగుతాడు. లియా పెళ్లి ఇరవై రెండో సంవత్సరం సెప్టెంబరులో. ఆ రోజే ఇది ఆమె వేలికి ఉంది. ఊరంతా భోజనానికి వచ్చింది, చూసింది. అంతకు ముందే నేనిచ్చానని లేకపోతే, తాళం లేని పెట్టెకు కాపలా పెట్టినట్టే కదా నీ కాగితం? నేను నిన్న మొన్న ఇచ్చానంటే నవ్వుతాడు. ఆయన నవ్వు ఎలా ఉంటుందో నీకు తెలుసు.”

గ్వెర్రీనో చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు సంగతి ఆమెకు ఎవరు చెప్పారని అడగాలంటే, నవ్వారని ఒప్పుకోవాలి. తేలు కుట్టిన దొంగలా కాగితాన్ని ముందుకు లాక్కున్నాడు.

“సరే. ఇరవై రెండో సంవత్సరం జనవరి అని రాస్తాను.”

“ఆ జనవరికి నా దగ్గర ఉంగరం లేదు నాయనా. ఇరవై ఒకటో సంవత్సరం మార్చి తర్వాత నా వేలికి ఇత్తడే ఉందని చాకిరేవులో ప్రతి ఆడదానికీ తెలుసు. పాదిరికీ తెలుసు. నేను సంతకం పెట్టే కాగితంలో అబద్ధం ఉండకూడదు. పట్టుబడితే ఇద్దరం పోతాం. మార్చి అని రాయి.”

“మార్చి,” అన్నాడతను.

“రోజు అక్కర్లేదులే. నెల చాలు.”

పొయ్యిలో కొరకంచు విరిగి పడింది. గ్వెర్రీనో ఆమె ముఖంలోకి చూశాడు. ఈమెకు ఎంత తెలుసు? ఆ ప్రశ్న అతని నుదుటి మీద రాసినంత స్పష్టంగా దెల్ఫీనాకు కనిపించింది. ఆర్జీయా ముఖంలో ఏమీ లేదు. పిండి ఆరిన వేళ్లను ఒక్కొక్కటే గిల్లుకుంటోంది.

“అమ్మా, ఇంకెందుకు ఈ పంతం,” అన్నాడు ఒలింతో. “సెక్రటరీగారు రాసింది చాలు.”

“నువ్వాగు,” అన్నారు ఆర్జీయా, గ్వెర్రీనో ఒకేసారి.

గ్వెర్రీనో కలం తీశాడు. ‘ఉంచితిని’ అనే మాట పైన, వరసల మధ్య, ‘పంతొమ్మిది వందల ఇరవై ఒకటి మార్చి నెలలో’ అని ఇరికించాడు. చేతిరాత తిన్నగా ఉంది. ఏజిదియో నేర్పినదే.

“ఇంకొకటి,” అంది ఆర్జీయా.

“ఇంకేమిటి!”

“ఇలాంటిదే నాకొకటి రాసివ్వు. రేపు నువ్వు పెద్ద ఉద్యోగం మీద జిల్లాకు వెళ్లిపోతావు. కొత్తగా ఇంకో సెక్రటరీ వస్తాడు. ముసలిదానా, నువ్వు ఇత్తడి ఇచ్చావంటాడు. నా మాట ఎవడు నమ్ముతాడు? నీ చేతిరాత ఉంటే నోరు మూసుకుంటాడు.”

బయట చర్చి గంట పొగమంచులో దూదిలో చుట్టినట్టు మోగింది. జిల్లాకు వెళ్లిపోతావన్న మాట గ్వెర్రీనోకు ఎక్కడో తగిలింది. ఆ ఇన్‌స్పెక్టరు ఈ సాయంత్రం ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. కాగితం లేకుండా అతని ముందుకు వెళ్లలేడు. దెల్ఫీనాకు అప్పుడు అర్థమైంది: ఈ బల్ల దగ్గర భయపడుతున్నవాళ్లలో అందరికంటే ఎక్కువ భయపడుతున్నది నల్లచొక్కా తొడుక్కున్నవాడే. దానివల్ల ఆమెకు ధైర్యం రాలేదు. భయపడ్డ మనిషి చేతిలో అధికారం ఉంటే ఏం చేస్తాడో ఈ ఇల్లు ఒకసారి చూసింది.

“కాగితం ఇయ్యమ్మా,” అన్నాడు చివరికి.

దెల్ఫీనా పిల్లల కాపీ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. అతను మొదటి కాగితం చూస్తూ రెండోది రాశాడు. మధ్యలో ఒకసారి ఆగి, ‘మార్చి’ దగ్గర సిరా ఆరేదాకా చూశాడు.

ఆర్జీయా రెంటి మీదా సంతకం పెట్టింది. ఆమెకు వచ్చిన అక్షరాలు ఆ సంతకానికి సరిపడినన్ని. ఒక్కొక్క అక్షరాన్నీ కుట్టు వేసినట్టు వేసింది.

“సాక్షి కావాలి,” అన్నాడు గ్వెర్రీనో. “ఒలింతో, రా.”

ఒలింతో వచ్చాడు. కలం పట్టుకున్నాడు. అతని చెయ్యి కాగితానికి రెండంగుళాల పైన ఆగిపోయింది. గ్వెర్రీనో అతనివైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. పాత పరిచయం ఉంది. ఇద్దరూ కలిసి మోసిన బరువేదో తెలిసినవాడి చూపు అది. ఒలింతో సంతకం పెట్టాడు. రెండోదాని మీద కూడా. తరువాత తలెత్తలేదు.

గ్వెర్రీనో తన కాగితాన్నీ, ఉంగరాన్నీ జేబులో వేసుకున్నాడు. మరో జేబులోంచి ఇనుప ఉంగరం తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది నీది పెద్దమ్మా. పాదిరిగారు మంత్రించింది.”

“ఉంచు. కణుపు వాపు తగ్గాక పెట్టుకుంటాను.”

అతను వెళ్లాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరగబోయి, తిరగలేదు. మోటారుసైకిలు రెండుసార్లు దగ్గి, అంటుకుంది.

దెల్ఫీనా మిగిలిన కాగితాన్ని దీపం కిందికి జరిపి మరోసారి చదివింది. ఆ వారమంతా రోవీగోలో ఉన్నానని ప్రమాణం చేసినవాడు, లారీ వచ్చిన నెలలో ఏజిదియో ఇంటి ఉంగరం తన ఇల్లు చేరిందని తన చేతిరాతతో రాసి, రెండు ప్రతులు చేసి, ఒకటి ఇక్కడ వదిలి వెళ్లాడు.

“దీన్ని ఎవరికి చూపిస్తాం అత్తయ్యా?” అంది. “ఏ కోర్టుకు? అక్కడ జడ్జీ కోటు కిందా నల్లచొక్కాయే.”

“ఇప్పుడు ఎవరికీ కాదు.”

“మరెప్పుడు?”

ఆర్జీయా లేచి, పిండి మీది గుడ్డ ఎత్తి చూసి, మళ్లీ కప్పింది. “ఉంగరం పోయింది పిల్లా. నా చేత్తోనే ఇచ్చేశాను. అది కొలిమిలో కరిగిపోతుంది. ఊరికే ఇవ్వలేదు, అంతే.”

గోడ దగ్గర నుంచి ఒలింతో అన్నాడు:

“అడగవేం అమ్మా?”

“ఏమని?”

“ఆ రాత్రి అటక మీద నుంచి నేనేం చూశానో. వాడి మొహం మీద గుడ్డ జారిందో లేదో.”

పదిహేడేళ్ల పిల్లవాడిగా అతను ఆ రాత్రి అటక మీద ఎండుగడ్డిలో ఉన్నాడన్న సంగతి ఎనిమిదేళ్ల కాపురంలో దెల్ఫీనాకు ఇదే మొదటిసారి తెలియడం. పంపుల స్టేషను ఉద్యోగం ఆమె కళ్ల ముందు వేరే రంగుకు తిరిగింది.

ఆర్జీయా కొడుకు వైపు తిరగలేదు.

“అడిగితే చెబుతావు. చెబితే వినాలి. విన్నాక నీకు రొట్టె పెట్టాలి,” అంది. “ఇవాళ పిండి కలిపేశాను.”

ఆమె కాగితాన్ని సగానికి మడిచింది. మళ్లీ సగానికి. వెన్న చుట్టే మైనపు గుడ్డ ముక్కలో పెట్టి, అంచులు లోపలికి తోసి, దారంతో కట్టింది. పొయ్యి పక్కకు నడిచి ఉప్పుపెట్టె మూత ఎత్తింది.

“అక్కడ వద్దత్తయ్యా!” దెల్ఫీనా గొంతు తనకే కొత్తగా వినిపించింది. “అది వాడికి తెలిసిన చోటు. మనం చూశాం కదా.”

“తెలుసు. వాడికి తెలుసునని నాకూ ఇవాళే తెలిసింది.” ఆర్జీయా ఉప్పును వేళ్లతో తవ్వి, పొట్లాన్ని అడుగున ఉంచి, పైన ఉప్పు కప్పింది. “వాడికి ఆ పెట్టె వైపు మళ్లీ కళ్లెత్తి చూసే ధైర్యం ఉందో లేదో తేలనీ. ఉప్పులో ఉన్నది కుళ్లదే పిల్లా.”

వీధి చివర కరకట్ట ఎక్కుతున్న మోటారుసైకిలు చప్పుడు పొగమంచులో సన్నబడుతూ పోయింది. మలుపు దగ్గర హఠాత్తుగా ఆగింది.

ముగ్గురూ విన్నారు.

ఆర్జీయా మూత వేసింది.